కాలిన అడవి దారిలో జంతువుల జాడలు ఎలా గుర్తుపట్టాలి?

మీ ప్రశ్న ఇది: చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం జాతర నడకకు వెళ్తున్నారు, దారి పక్క అడవి అంతకుముందే కొంత కాలింది, ఆ బూడిదలో కనిపించే గుర్తులు ఏ జంతువువో, ఎంత పాతవో ఎలా తెలుసుకోవాలని. ఇక్కడ రాసేది నల్లమలకూ శేషాచలానికీ సరిపోతుంది. ఈ ఎండుటాకుల అడవుల్లో ఫిబ్రవరి నుంచి మే దాకా రేగే మంట ఎక్కువగా నేలమీదే పాకుతుంది. రాలిన ఆకులు, బోదగడ్డి, పొదలు కాలిపోతాయి. నల్లమద్ది, చిరుమాను, ఏగిస లాంటి పెద్ద చెట్లు మొదళ్లు మసిబారినా చాలావరకు నిలబడతాయి. కాబట్టి జంతువులు అడవి వదిలి వెళ్లిపోయాయని అనుకోకండి, నాలుగైదు రోజుల్లోనే తిరుగుతుంటాయి.

ఏ గుర్తు కనిపించినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఇది ఏ జంతువు?’ కాదు, ‘ఇది మంటకు ముందుదా, తర్వాతదా?’ అని. మామూలు అడవిలో ఈ వెసులుబాటు ఉండదు. కాలిన చోట మంట వచ్చిన రోజే ఒక తేదీ ముద్ర. అది ఏ రోజో దారిలో ఉన్న అటవీ సిబ్బందినో, అక్కడి చెంచులనో అడిగితే చెప్తారు.

పెంట కనిపిస్తే పుల్లతో మెల్లగా పక్కకు దొర్లించి కింద చూడండి. కింద కూడా బూడిద పరుచుకుని ఉంటే అది మంట తర్వాతది. కింద కాలని ఆకు ముక్కో, గోధుమరంగు మట్టో గుండ్రంగా మిగిలి చుట్టూ మాత్రమే నలుపు ఉంటే ముందుది. రంగును నమ్మితే మోసపోతారు. తెల్లగా ఉంది కాబట్టి మంటలో కాలిందే అనుకుంటారు గానీ, ఎముకలు నమిలే దుమ్ములగొండి పెంట ఎండితే సున్నంలా తెల్లబడుతుంది. నిజంగా మంటలో కాలినదైతే పుల్ల తగలగానే పొడైపోతుంది. చేత్తో ముట్టుకోవద్దు, ముక్కు దగ్గర పెట్టుకోవద్దు, మాంసాహార జంతువుల పెంటలో మనుషులకు అంటుకునే పురుగుల గుడ్లు ఉండొచ్చు.

చెట్ల మీద గోటి గీతలకూ ఇదే పరీక్ష. మసిబారిన బెరడు మీద గీత లోపల లేతరంగు కలప కనిపిస్తే ఎక్కింది మంట తర్వాతే. గీత లోపలా మసే ఉంటే పాతది. తేనెపట్టు ఉన్న చెట్టుకు పైదాకా సమాంతరంగా గీతలు ఉంటే ఎలుగుబంటి అనుకోవచ్చు.

ఇక పంజా గుర్తులు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. బూడిద పిండిలాంటిది. అడుగు పడగానే అంచులు లోపలికి జారి గుంట వెడల్పవుతుంది, చిరుత అడుగు పులి అడుగంత కనిపిస్తుంది. బూడిద అర సెంటీమీటరు మించకుండా, కింద గట్టి నేల ఉన్నచోట పడిన గుర్తునే లెక్కలోకి తీసుకోండి. రెండు సెంటీమీటర్ల మందంలో పడినదాన్ని వదిలేయండి. కొలిచేటప్పుడు గుంట పై అంచు కాకుండా అడుగున పాదం మెత్త (పాదం కింది మెత్తటి భాగం) ఆనిన చోటును కొలవాలి. పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఫోటో తీయండి. బిళ్ళ అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు, ఇంటికొచ్చాక తీరిగ్గా లెక్క వేసుకోవచ్చు.

వేళ్లతో కలిపి అడ్డంగా కొలిస్తే చిరుతది దాదాపు 6 నుంచి 9 సెంటీమీటర్లు ఉంటుంది, ఎదిగిన పెద్దపులిది సాధారణంగా 11 దాటుతుంది. మధ్యలో వస్తే పులి పిల్లా, పెద్ద మగ చిరుతా అన్నది ఒక్క అడుగుతో తేలదు. ముందుకు నడిచి నాలుగైదు అడుగులు చూడండి, పక్కనే ఇంకా పెద్ద అడుగులు కూడా సాగుతుంటే తల్లితో వెళ్లిన పిల్ల కావచ్చు. పులి, చిరుత నడిచేటప్పుడు వెనక కాలు ముందుకాలి గుర్తు మీదే పడుతుంది. రెండూ కలిసి ఒకే పొడవాటి గుర్తులా కనిపిస్తే దాన్ని కొలవకండి.

గోళ్లు కనిపించకపోతే పిల్లిజాతి, కనిపిస్తే కుక్క అన్న సూత్రం కూడా బూడిదలో పనిచేయదు. గోరు చేసిన సన్నటి రంధ్రంలోకి బూడిద జారి పూడిపోతుంది. యాత్రికుల వెంట వచ్చిన ఊరకుక్క అడుగు చూసి చిరుత అని బెదిరిపోయేది అందుకే. వేళ్ల అమరిక చూడండి. కుక్కకు మధ్య వేళ్లు రెండూ సమానంగా ముందుకు ఉంటాయి, అడుగు నిలువుగా రెండు సమభాగాలు చేసినట్టు ఉంటుంది. చిరుతకు, పులికి ఒక వేలు కాస్త ముందుకు పొడుచుకొచ్చి అడుగు కొంచెం వంకరగా ఉంటుంది, మడమ మెత్త వెనక అంచు మూడు పాయలుగా కనిపిస్తుంది. ఎలుగుబంటికి అయిదు వేళ్లూ దాదాపు ఒకే వరుసలో ఉంటాయి, గోటి గుర్తులు వేళ్లకు చాలా ముందు పడతాయి. దాని వెనక పాదం చెప్పుల్లేని మనిషి అడుగులా ఉంటుంది. అది పిల్లవాడి అడుగు అనుకుని దాటిపోతే ప్రమాదం.

గిట్టల విషయంలోనూ బూడిద తికమక పెడుతుంది. గిట్ట వెనక రెండు చిన్న చుక్కలు పడితే అడవిపంది అని చాలామంది నేర్చుకుని ఉంటారు. మెత్తటి బూడిదలో కాలు దిగబడినప్పుడు దుప్పికీ ఆ చుక్కలు పడతాయి. పందికైతే అవి గిట్టకు ఇరుపక్కలా బయటికి జరిగి పడతాయి, దుప్పికి సరిగ్గా వెనకే. కణితి (సాంబారు జింక) గిట్ట దుప్పి గిట్టకన్నా బాగా పెద్దది, 7 సెంటీమీటర్ల దాకా వస్తుంది. నల్లటి నేలలో దున్నినట్టు ఎర్రమట్టి పైకి లేచి కనిపిస్తే దుంపల కోసం పందులు తవ్విన చోటు.

మొదటి వాన పడ్డాక అసలు సందడి మొదలవుతుంది. కాలిన గడ్డి దుబ్బుల్లోంచి వారం పదిరోజుల్లో పచ్చటి పిలకలు లేస్తాయి, దుప్పులు వాటికోసమే వస్తాయి. పిలక కొస మీద కళ్లు పెట్టండి. దుప్పికి పై ముందుపళ్లు ఉండవు, పట్టి లాగి తెంపుతుంది కాబట్టి కొస పీచులు పీచులుగా ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. చెట్టు మొదట్లో బెరడు చెక్కేసి జంట పళ్ల గాట్లు ఉంటే ముళ్లపంది. పెంటికలు కూడా సాయం చేస్తాయి: కుందేలువి గుండ్రంగా పీచుగా, దుప్పివి ఒక కొస మొనదేలి. ఒకేచోట గుట్టగా పోసి ఉంటే మనుబోతో (నీల్‌గాయ్), కొండగొర్రో (నాలుగు కొమ్ముల జింక) అయి ఉంటుంది.

పిట్టల సంగతి కొద్దిగా. పళ్లెం లాంటి గుంటల్లో బూడిద చెదిరి, ఈక ఒకటో రెండో పడి ఉంటే నెమలో, కౌజో బూడిదస్నానం చేసిన చోటు. కాలిన మోడు మొదట్లో కొత్త బెరడు పెచ్చులు రాలి ఉంటే పైన వడ్రంగిపిట్ట పని జరుగుతోంది.

గుర్తు ఎంత తాజాదో తేల్చడానికి గాలిని, వానను, ఆకును వాడుకోండి. మధ్యాహ్నపు వడగాలికి బూడిదలో అంచులు చెదిరిపోతాయి, అంచు ఇంకా పదునుగా ఉందంటే నిన్న సాయంత్రం తర్వాతదే. చినుకు గుంటలు అడుగు లోపల కూడా ఉంటే జంతువు వానకు ముందు వెళ్లింది, అడుగు కింద నలిగిపోయి ఉంటే తర్వాత. వేడికి మాడిన ఆకులు మంట తర్వాత కొన్నాళ్లపాటు రాలుతూనే ఉంటాయి, అడుగు కింద నొక్కుకుపోయిన ఆకుకూ, అడుగు మీద రాలిన ఆకుకూ తేడా చూడండి. వెలుగు ఏటవాలుగా పడే ఉదయం తొమ్మిదిలోపు వెతకండి, సూర్యుడు నడినెత్తికొస్తే నీడ లేక గుర్తులే కనిపించవు. కాలిన నేలా కాలని నేలా కలిసే అంచు, వాగు ఇసుక, చెలమల చుట్టూ, ఈ మూడూ చూస్తే చాలు. జాడలు ఎక్కువగా దొరికేది అక్కడే.

జాగ్రత్తల్లో ఒకటి చాలామందికి తట్టదు. ఎండుటాకుల మీద మన అడుగు గరగరమంటుంది, ఎలుగుబంటి ముందే విని తప్పుకుంటుంది. బూడిద మీద చప్పుడు ఉండదు. రాతి గుండ్ల నీడలో పడుకున్న ఎలుగు దగ్గరికి తెలియకుండానే వెళ్లిపోతారు, ఉలిక్కిపడిన ఎలుగు పారిపోకుండా మీదకు రావచ్చు. అందుకని నలుగురైదుగురు కలిసి, మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ నడవండి. పిల్లల్ని ముందుగానీ చివరగానీ నడవనివ్వొద్దు.

సలేశ్వరం ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో జాతర రోజుల్లో తెరిచిన దారి తప్ప పక్కకు వెళ్లడానికి అనుమతి లేదు, జాడ వెంట లోపలికి పోకండి. కొమ్ములు, ముళ్లపంది ముళ్లు దొరికినా అక్కడే వదిలేయండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిక్కుల్లో పడతారు. తాజా పులి అడుగు ఫోటో పెట్టాలనిపిస్తే చోటు పేరు రాయకండి, ఫోన్‌లో లొకేషన్ కూడా ఆపేయండి, వేటగాళ్లూ చూస్తారు. మసిబారి గుల్లబడిన చెట్టు కింద ఆగొద్దు, చిన్న గాలికే కొమ్మలు విరుగుతాయి. మంట ఆరి రోజులు గడిచినా మోడు వేరులో నిప్పు ఉంటుంది, పైకి బూడిద చల్లగానే కనిపిస్తుంది. కర్రతో తట్టి చూశాకే కాలు పెట్టండి, సన్నటి పొగ కనిపిస్తే దారిలో ఉన్న అటవీ సిబ్బందికి ఆ చోటు చెప్పి కదలండి.