పొద్దున్నే లేవాలంటే అలారం చాలదు, మన కోసం ఆగనిది ఒకటి కావాలి

నాలుగు రోజులు 5 గంటలకు లేస్తున్నాను, అయిదో రోజు మళ్లీ ఏడున్నర అవుతోంది, పొద్దుటి అలవాటు నిలబడేదెలా అని అడిగారు. చదవగానే నా గోడే మీరు రాశారనిపించింది. విజయవాడలో అయిదారేళ్లు నేనూ ఇలాగే గడిపాను. లేవలేకపోయిన రోజు సాయంత్రం దాకా మనసు బాగుండేది కాదు.

2019 ఫిబ్రవరిలో గుంటూరు కొత్తపేటలో మా నాన్న బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, బిందె ఎత్తలేదు. సెలవు పెట్టి మూడు వారాలు వాళ్ల దగ్గరే ఉన్నాను. ఆ వీధికి మునిసిపల్ కుళాయి 5.30 ప్రాంతంలో వస్తుంది, గంట ఉంటే ఎక్కువ. మొదటి రోజు ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను, మోగితే నొక్కేసి పడుకున్నాను. లేచేసరికి ఆరూముప్పావు. కుళాయిలో చుక్క లేదు. వీధి తలుపు తీసి ఉంది. బయటికి వెళితే, నాన్న కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని, ఎడం చేత్తో చిన్న స్టీలు బకెట్టు పట్టుకుని పక్కింటి గుమ్మంలో నుంచుని ఉన్నారు. తాగడానికి నీళ్లు అడగడానికి వెళ్లారు. నన్నేమీ అనలేదు. "అలిసిపోయి ఉంటావని లేపలేదమ్మా" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

మర్నాటి నుంచి నాకు అలారంతో పని పడలేదు. నీళ్లు వచ్చే ముందు కుళాయి గాలి వదులుతుంది, గొంతు సవరించుకున్నట్టు గురగురమంటుంది. ఆ చప్పుడుకే మెలకువ వచ్చేసేది. మొదట వచ్చే ఎర్రనీళ్లు మొక్కలకి. నీళ్లు తేరుకున్నాక కుళాయి మూతికి పాత పంచె గుడ్డ కట్టి ఇత్తడి బిందె పెట్టాలి. బిందె నిండుతున్న కొద్దీ చప్పుడు సన్నబడుతుంది. వంటింట్లో ఉన్నా ఆ చప్పుడుని బట్టే ఎప్పుడు పరిగెత్తాలో తెలిసిపోయేది. నీళ్ల పని అయ్యేసరికి నాన్న రేడియోలో విజయవాడ కేంద్రం పెట్టేవారు. 6.45కి ప్రాంతీయ వార్తలు వచ్చేలోగా నా స్నానం అవ్వాలి, 6.55కి సంస్కృత వార్తలు మొదలయ్యేసరికి పొయ్యి మీద ఉప్మా ఉడుకుతుండాలి. ఆ మూడు వారాలూ నేను గడియారం చూసిన గుర్తు లేదు.

అందుకే చెబుతున్నాను, మనసు గట్టిది కాదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మన అమ్మమ్మలు నాలుగింటికి లేచింది ఏదో దీక్ష పట్టి కాదు. గేదె ఆగదు, కుళాయి ఆగదు, పొలానికి వెళ్లేవాళ్ల సద్ది ఆగదు. ఇప్పుడు మిద్దె మీద ట్యాంకు, గుమ్మానికి ప్యాకెట్ పాలు, కొట్లో రుబ్బిన పిండి. పొద్దున మన కోసం ఆగనిదంటూ ఏదీ మిగల్లేదు. ఫోన్ అలారం వేలు తగిలితే చాలు, ఊరుకుంటుంది.

విజయవాడ తిరిగొచ్చిన పది రోజులకే నేను మళ్లీ మొదటికొచ్చాను. అప్పుడు ప్యాకెట్ పాలు మానేశాను. మా ఇంటికి పావుగంట నడకలో, కాలవగట్టు అవతల ఒక పెద్దాయనకి నాలుగు గేదెలున్నాయి. 5.40కి పాలు పితుకుతారు. క్యాను పట్టుకెళ్లి, ఎదురుగా పితికించి, నురుగు అణిగాక లీటరు కొలిపించుకుంటాను. ఆరు దాటితే నా లీటరు ఇంకొకరి గిన్నెలోకి పోతుంది, పిల్లలకి ఆ రోజు పాలుండవు. అప్పట్నుంచి నేను తప్పిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

జనవరి 1న మొదలుపెట్టే అలవాటు మాత్రం నాకు అస్సలు నచ్చదు. మన వైపు ఏడాది మొత్తంలో సూర్యుడు బాగా ఆలస్యంగా వచ్చేది ఆ నెలలోనే, ఆరున్నర దాటాక. కంటికి వెలుతురు తగిలితేనే ఒంట్లో ఉన్న గడియారం తెల్లారిందని సర్దుకుంటుంది. చలిలో, చీకట్లో ఒళ్లు మొరాయిస్తే తప్పు ఒంటిది కాదు. ఉగాది వెళ్లాక మొదలుపెట్టండి. మే నెలాఖరుకి 5.30కే తెల్లారుతుంది, ఎనిమిదయ్యేసరికి రోడ్డు మీద నిలబడలేం. మన ఊళ్ల ఎండే మనల్ని లేపుతుంది.

రాత్రి సంగతి కూడా చూసుకోవాలి. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో నిద్రమత్తు వదిలించే సరుకు, అదే కెఫీన్, దాదాపు సగం పదకొండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. నేను నాలుగు దాటాక కాఫీ ముట్టను. ఇక పెళ్లి రిసెప్షన్లు! పదిన్నరకి బిర్యానీ వడ్డిస్తే మర్నాడు ఎవరు లేస్తారు? అక్షింతలు వేసి ఎనిమిదింటికల్లా వచ్చేస్తున్నాను, చుట్టాలు ఏమనుకున్నా సరే.

ఇంకొకటి కూడా చెప్పాలి. 20 నిమిషాలు ధ్యానం, 20 నిమిషాలు డైరీ అని వీడియోల్లో చెబుతారు. ఆ టైములో పిల్లల క్యారేజీలు ఎవరు కడతారో ఒక్కరూ చెప్పరు. ఇంట్లో ఒకరి దినచర్య బాగుపడాలని ఇంకొకరి నిద్ర చెడగొట్టడం అన్యాయం. మా ఇంట్లో పాల నడక నాది, ఇడ్లీ వేసేది మావారు. ఈ పంపకం కోసం నేను గొడవే పడ్డాను, పడినందుకు నాకు ఏ బాధా లేదు.

మీరు గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో ఉంటానన్నారు. ఎన్టీఆర్ స్టేడియం మీకు పక్కనే. రేపు పొద్దున ఒక్కసారి వెళ్లి, షటిల్ ఆడేవాళ్లలో ముగ్గురే ఉండి నాలుగోవాళ్ల కోసం గేటు వైపు చూస్తున్న జట్టు ఏదైనా ఉందేమో అడగండి. ఉండి తీరుతుంది. ఎల్లుండి నుంచి వస్తానని వాళ్లకి మాటిచ్చి రండి.