నిద్రలో షుగర్ పడిపోతే ఆ ఇంజెక్షన్ మేమే చేయొచ్చా?

ప్రశ్న: మా పాపకి పదేళ్లు, 28 కిలోలు. టైప్ 1 షుగర్, రోజూ ఇన్సులిన్ వేస్తాం. పోయిన నెల తెల్లవారుజామున చూస్తే దిండంతా చెమటతో తడిసిపోయింది, పిలిస్తే పలకలేదు. మా అత్తమ్మ నోట్లో పంచదార నీళ్లు పోస్తే పొలమారింది. డాక్టర్ గారు రాసిచ్చిన గ్లూకగాన్ కిట్, అంటే పడిపోయిన షుగర్‌ని పెంచే ఇంజెక్షన్, ఇంట్లోనే ఉన్నా నాకు చేతులాడలేదు, ఎక్కువైతే ఏమవుతుందోనని. ఆ కిట్ డేట్ కూడా ఇప్పుడు అయిపోయింది, కొత్తది తెప్పించాం.
- ఒక తల్లి, ఉదయగిరి దగ్గర పల్లె, నెల్లూరు జిల్లా

జవాబు: చేయొచ్చమ్మా, చేయాలి కూడా. మీ ఊరి నుంచి నెల్లూరు వెళ్లేదాకా ఆగే జబ్బు కాదిది. ముందు ఒక మాట, స్పృహలో లేని బిడ్డ నోట్లో నీళ్లు, పంచదార, తేనె ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అత్తమ్మగారు ప్రేమతోనే పోశారు, ఆమెని ఏమీ అనకండి, కానీ ఇంట్లో అందరికీ ఈ విషయం తెలియాలి.

గ్లూకగాన్ ఇన్సులిన్‌కి ఎదురు పనిచేస్తుంది. క్లోమంలో తయారయ్యే హార్మోనే అది, లివర్‌లో దాచుకున్న చక్కెరని రక్తంలోకి వదిలిస్తుంది. మీ పాప బరువుకి పూర్తి డోసు, అంటే 1 మిల్లీగ్రామే. సిరంజిలో ఉన్న నీళ్లు పొడి సీసాలోకి ఎక్కించి, మెల్లగా తిప్పి, తేటగా కరిగాక మళ్లీ సిరంజిలోకి లాగి తొడ బయటి వైపు కండలో పొడవండి, కంగారులో గౌను విప్పలేకపోతే బట్ట మీద నుంచే పొడిచినా పర్వాలేదు. ఎక్కువైపోతుందన్న భయం వద్దు, మహా అయితే వాంతి అవుతుంది. అందుకే పొడవగానే పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

మామూలుగా 10, 15 నిమిషాల్లో కళ్లు తెరుస్తుంది. మింగగలిగాక తియ్యటి నీళ్లు, ఆ తర్వాత ఇడ్లీయో అన్నమో పెట్టండి, లేకపోతే షుగర్ మళ్లీ పడిపోతుంది. రోజంతా వాంతులతో ఏమీ తినని రోజున మాత్రం లివర్‌లో నిల్వ ఉండదు, ఇంజెక్షన్ సరిగా పనిచేయకపోవచ్చు, అప్పుడు ఆసుపత్రిలో నరానికి గ్లూకోజ్ ఎక్కించాల్సిందే.

కొత్త కిట్ మన ఎండల్లో బీరువాలో పెట్టకండి, ఫ్రిజ్ తలుపులో ఉంచండి, ఫ్రీజర్‌లో వద్దు. డేట్ అయిపోయిన పాతది పారేయకండి, ఈ ఆదివారం ఒక బత్తాయి ముందు పెట్టుకుని ఆ పొడి కలిపి, దానికి పొడిచి చూడండి. అత్తమ్మగారి చేత కూడా కలిపించండి.