ఫోను నోరు నొక్కేదెలా?

ప్ర: కోర్టు హాల్లో ఉండగా జేబులో ఫోను మోగింది. బయటికి తీసి, లాక్ తెరిచి, సౌండ్ తగ్గించేసరికి అందరి చూపూ నామీదే. తీయకుండానే ఆపే దారి ఉందా?
– ఒక వకీలు గుమస్తా, నరసరావుపేట

జ: ఉంది. దానికి ముందుగా ఏ సెట్టింగూ అక్కర్లేదు. ఫోను మోగుతుండగా పక్కనున్న వాల్యూమ్ బటన్లలో ఏదో ఒకటి, పెంచేదైనా తగ్గించేదైనా, ఒక్కసారి నొక్కండి. ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా రింగు, వైబ్రేషన్ అక్కడికక్కడే ఆగిపోతాయి. కాల్ మాత్రం కట్ కాదు. అవతలివాళ్లకి రింగవుతున్నట్టే వినిపిస్తుంది, మీకు మిస్డ్ కాల్ పడుతుంది. ప్యాంటు గుడ్డ మీద నుంచే వేలితో తడిమి నొక్కేయొచ్చు.

పవర్ బటన్‌తోనూ ఇదే పని అవుతుంది కానీ కంగారులో దాని జోలికి పోవద్దంటాం. ఐఫోన్‌లో రెండోసారి నొక్కితే కాల్ కట్టయిపోతుంది. అదే టకటకా మూడుసార్లు నొక్కారో, 112కి అత్యవసర కాల్ వెళ్లొచ్చు. స్మార్ట్‌ఫోన్లలో ఈ ఏర్పాటు ఉండాలని కేంద్రం 2016లో నిబంధన పెట్టింది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది ఐదు నొక్కులకు పనిచేస్తుంది. కోర్టు హాల్లోంచి పోలీసులకు ఫోను పోవడం బాగుండదు కదా!

ఇంకో మాట. మీరు ఆపింది ఆ ఒక్క రింగునే. అదే మనిషి మళ్లీ చేస్తే ఫోను మళ్లీ మోగుతుంది. లోపలికి వెళ్లేముందే సైలెంట్‌లో పెట్టడం వేరే పని, అది మూడో జవాబులో చూడండి.

ప్ర: వాల్యూమ్ తగ్గించే బటన్‌ని చివరిదాకా నొక్కినా భజన మధ్యలో ఫోను గట్టిగా మోగింది. బటన్ పాడైందా?
– ఒక గృహిణి, మహబూబ్‌నగర్

జ: బటన్ నిక్షేపంగా ఉంది. మీరు తగ్గించింది పాటల, వీడియోల శబ్దాన్ని. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి చాలా ఫోన్లలో ఏమీ మోగనప్పుడు ఆ బటన్లు మీడియా శబ్దం మీదే పనిచేస్తున్నాయి. రింగు లెక్క వేరు. బటన్ నొక్కగానే స్క్రీన్ అంచున ఒక పట్టీ వస్తుంది. అందులో చిన్న గంట బొమ్మ ఉంటుంది. దాన్ని తాకుతూ పోతే వైబ్రేట్, సైలెంట్ ఒకదాని తర్వాత ఒకటి మారతాయి. శాంసంగ్‌లోనైతే వాల్యూమ్ సెట్టింగుల్లో ఈ కీలు మీడియాకే పనిచేయాలా అన్న స్విచ్ ఉంటుంది. దాన్ని ఆఫ్ చేస్తే అవే బటన్లు రింగును తగ్గిస్తాయి.

ఇదే చిక్కు తిరగేసి కూడా వస్తుంది. గంట బొమ్మ సైలెంట్‌లో ఉన్నా, వాట్సాప్‌లో ఎవరో పంపిన వీడియో తాకారంటే హాలంతా వినబడుతుంది. రెండూ తగ్గించాలి.

ప్ర: స్క్రీన్ వెలిగించకుండా, బటన్లతోనే ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టొచ్చా? పరీక్ష హాల్లో ఇన్విజిలేషన్ ఉంటుంది.
– ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జ: మీ చేతిలో ఏ ఫోను ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. గూగుల్ వారి పిక్సెల్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోని సౌండ్ అండ్ వైబ్రేషన్‌లోకి వెళ్తే రింగు మోగకుండా ఆపే షార్ట్‌కట్ కనబడుతుంది. అక్కడ వైబ్రేట్ కావాలో, మ్యూట్ కావాలో ఎంచుకోండి. ఆ తర్వాత పవర్, వాల్యూమ్ పెంచే బటన్, రెండూ ఒకేసారి నొక్కితే చాలు. పొరపాటున తగ్గించే బటన్‌తో కలిపితే స్క్రీన్‌షాట్ పడుతుంది. ఆ ఆప్షన్ మసకగా ఉండి తెరుచుకోకపోతే, పవర్ బటన్ నొక్కి పట్టుకోవడాన్ని మాటలతో పనిచేయించే అసిస్టెంట్‌కి కేటాయించి ఉంటారు. జెస్చర్స్‌లోకి వెళ్లి దాన్ని పవర్ మెనూకి మార్చండి, ఆప్షన్ తెరుచుకుంటుంది.

ఐఫోన్‌లో ఎడమవైపు చిన్న మీట ఉంటుంది. నారింజ రంగు కనబడితే సైలెంట్. 2023 నాటి 15 ప్రో మోడళ్లలో, 2024లో వచ్చిన 16 వరసలో మీట తీసేసి యాక్షన్ బటన్ పెట్టారు. దాన్ని నొక్కి పట్టుకోవాలి. చాలా వన్‌ప్లస్ ఫోన్లలో మూడు మెట్ల స్లైడర్ ఉంటుంది: పైన సైలెంట్, మధ్యలో వైబ్రేట్, కింద రింగు. అన్నింట్లోకీ మాకు ఇదే నచ్చుతుంది. చూడక్కర్లేదు, వేలికే తెలిసిపోతుంది. కాకపోతే బిగుతు కవరు వేస్తే మీటగానీ స్లైడర్‌గానీ పూర్తిగా జరగదు, సగంలో ఆగుతుంది. కవరు తీసి ఒకసారి చూసుకోండి.

ఒక జాగ్రత్త: సైలెంట్‌లో ఉన్నా అలారం మోగుతుంది. పరీక్ష వేళల్లో పెట్టిన అలారాలేమైనా ఉంటే తీసేయండి, లేదా ఫోనే స్విచాఫ్ చేయండి.

ప్ర: ఫోను మోగుతుంటే ఆపబోయి బటన్లన్నీ నొక్కేశాను. అప్పట్నుంచి ముట్టుకున్నదల్లా ఫోను పైకి చదువుతోంది, స్క్రీన్ జరగడం లేదు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జ: వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి ఉంచడంతో టాక్‌బ్యాక్ ఆన్ అయింది. చూపు లేనివారి కోసం పెట్టిన సదుపాయం అది. మళ్లీ అలాగే మూడు సెకన్లు నొక్కి ఉంచండి, ఆగిపోతుంది. ఈలోపు ఏదైనా తెరవాలంటే ఒకసారి తాకి, ఆపైన వెంటవెంటనే రెండుసార్లు తట్టాలి. స్క్రీన్ జరపాలంటే రెండు వేళ్లు వాడాలి.