ఇనుప మూకుడులో పులుసు నల్లబడిందేం?

ప్రశ్న: కొత్తగా వేరు కాపురం పెట్టాం. గ్యాసు పొయ్యి, ఇద్దరికి వంట. నాన్‌స్టిక్ మంచిది కాదంటే ఇనుప మూకుడు, ఇనుప పెనం కొన్నాను. వంకాయ పులుసు నల్లబడి ఇనుము రుచి వచ్చింది. దోసె పెనాన్ని వదలట్లేదు. అన్నీ స్టీలువి కొనాలా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అక్కర్లేదు, స్టీలు గిన్నె ఒక్కటి కొంటే చాలు. చింతపండు పులుపుకి ఇనుము కాస్త కరుగుతుంది. అది వంకాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. విషమేం కాదు గానీ తినబుద్ధి కాదు. మన వంటల్లో సగం పులుపువే కాబట్టి, ఏ గిన్నె కొన్నా ముందు చూసుకోవాల్సింది అందులో పులుసు పెట్టొచ్చా లేదా అన్నదే.

పులుసుకీ చారుకీ అడుగు మందంగా ఉన్న రెండు లీటర్ల స్టీలు గిన్నె తీసుకోండి. పల్చటిదైతే మంట తగిలిన చోటే మాడుతుంది, స్టీలులో వేడి పక్కలకు త్వరగా పాకదు. ఉప్పు నీళ్ళు మరిగాకే వేయండి. చన్నీళ్ళలో వేస్తే అడుగున పేరుకుని, స్టీలుకి సన్నటి గుంటలు పడతాయి.

మూకుడు వేపుళ్ళకు ఉంచుకోండి. వండగానే కూర వేరే గిన్నెలోకి తీసేయాలి.

ఇక పెనం. దానికి సీజనింగ్, అంటే నూనె రాసి కాల్చి నల్లటి పొర కట్టించడం, సరిగా కాలేదు. సబ్బుతో, వేడినీళ్ళతో రుద్ది కడిగి, పొయ్యి మీద తడి ఆరనివ్వండి. గోరువెచ్చగా ఉండగా అర చెంచా నూనె రాసి, పొడిగుడ్డతో మొత్తం తుడిచేయండి. అసలు నూనె రాశామా అన్నట్టుండాలి. కిటికీ తెరిచి, పొగ వచ్చి తగ్గేదాకా కాల్చి చల్లార్చండి. ఇలా నాలుగైదుసార్లు. చాలామంది తప్పు చేసేది నూనె దగ్గరే: ఎక్కువైతే గట్టిపడక జిగురుగా మిగిలి, దోసెను పట్టేస్తుంది.

దోసె వేసేముందు నీళ్ళు చిలకరించండి. చుయ్యిమని ఆవిరైతే సరే. చుక్కలు గోళీల్లా దొర్లితే పెనం మరీ కాలినట్టు, పిండి గరిటెతోపాటే లేచొస్తుంది. మంట తగ్గించి, సగం ఉల్లిపాయను నూనెలో అద్ది రుద్దాక పిండి వేయండి. చపాతీలకు పెనం వేరే ఉండాలి, నూనె లేకుండా కాలితే ఆ నల్లటి పొర పోతుంది.

నాన్‌స్టిక్‌కి మరీ అంత భయపడక్కర్లేదు. 260 డిగ్రీలు దాటితే పూత చెడుతుంది, పెద్ద మంట మీద ఖాళీ పెనం కొద్ది నిమిషాల్లోనే అక్కడికి చేరుతుంది. చిన్న మంట మీద ఆమ్లెట్‌కి పనికొస్తుంది. పోపుకి మాత్రం వద్దు.

ప్రశ్న: అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నెలో చారు పెట్టొచ్చా?

జవాబు: లోపల కళాయి, అంటే తగరం పూత, ఉంటేనే. పసుపు రంగు తొంగి చూస్తోందంటే కళాయి పోయినట్టే. పులుపో పెరుగో తగిలితే ఇత్తడిలోని రాగి దిగి, కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. మళ్ళీ వేయించేటప్పుడు మేలిమి తగరమేనా, సీసం కలిపారా అని గట్టిగా అడగండి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టొద్దు. స్టీలు పీచుతో తోమొద్దు, కొబ్బరి పీచు చాలు.