బాక్సులోంచి ఇంటికొచ్చిన బాబు: స్థలం అమ్మేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం. బాబు 29 వారాలకే పుట్టాడు, బరువు 1,150 గ్రాములు. 52 రోజులు బాక్సులో ఉంచి ఈ మధ్యే ఇంటికి పంపారు. ఇంకా ఆక్సిజన్ మీదే ఉన్నాడు. దాచుకున్నదంతా అయిపోయి, రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాను. నా జీతం 28,000, ప్రైవేటు స్కూల్లో చేసే మా ఆవిడకు 12,000. రేషన్ కార్డు ఉంది. ఆక్సిజన్ మిషన్ 45,000 పెట్టి కొనాలా, నెలకు 4,500 అద్దెకు తేవాలా? మా ఆవిడ ఉద్యోగం మానేస్తానంటోంది. ఊరి బయట మూడు సెంట్ల స్థలం ఉంది, అమ్మేద్దామా?

జవాబు: స్థలం జోలికి ఇప్పుడే పోవద్దు. అవసరంలో ఉన్నారని తెలిస్తే కొనేవాడు బేరం మొదలుపెట్టేదే సగం ధర దగ్గర.

ముందు ఆ అప్పు సంగతి చూడండి. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,000 పోతోంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి. అక్కడ రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది, బయటి అప్పు ఒక్కసారే తీర్చేయొచ్చు. నగలు తాకట్టు పెట్టడం నామోషీ అనుకుంటారేమో, నెలనెలా 2,000 ఊరికే పోగొట్టుకోవడం అంతకన్నా కష్టం. మీకు పీఎఫ్ ఉంటే వైద్యం కోసం అడ్వాన్సు అడగండి, అది తిరిగి కట్టక్కర్లేదు.

మిషన్ మాత్రం అద్దెకే తెచ్చుకోండి. పది నెలలు కడితేగాని కొన్న ధర కాదు, రిపేరు వస్తే తలనొప్పి ఇచ్చినవాళ్లది. ఎన్నాళ్లు వాడాల్సి రావచ్చో పిల్లల డాక్టరును అడగండి. పది నెలలు దాటుతుందంటే అప్పుడు కొనడం గురించి ఆలోచిద్దాం. దీనిలో ఎవరూ చెప్పని ఖర్చు కరెంటు బిల్లు. నిమిషానికి ఐదు లీటర్ల ఆక్సిజన్ ఇచ్చే మిషన్ సుమారు 350 వాట్లు లాగుతుంది. రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు 8 యూనిట్ల పైనే, నెలకు దాదాపు 250. బిడ్డకు నిమిషానికి పావు లీటరే పెట్టినా మిషన్ తాగే కరెంటు పెద్దగా తగ్గదు. బిల్లు స్లాబే మారిపోతుంది, ఆ డబ్బు పక్కన పెట్టుకోండి.

కరెంటు పోతే ఎలాగని టెన్షన్‌తో పెద్ద ఇన్వర్టర్ కొనేస్తుంటారు. ఒక బ్యాటరీ మీద ఈ మిషన్ మూడు నాలుగు గంటలకు మించి నడవదు. అదే బీ టైప్ సిలిండర్‌లో 1,500 లీటర్లుంటాయి, నిమిషానికి పావు లీటరు చొప్పున లెక్కేస్తే 100 గంటలు. నిండు సిలిండర్ ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. ఆక్సిజన్ నిమిషానికి ఎంత వెళ్తోందో చూపే ఫ్లో మీటర్లలో, పసిబిడ్డలకు వాడే చిన్నది అడిగి తీసుకోండి. ఫ్లో ఎంతో డాక్టరే చెప్పాలి.

మీ ఆవిడ రాజీనామా ఇప్పుడే రాయొద్దు. పది మంది, అంతకు మించి పనిచేసే చోట, కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల జీతంతో సెలవు చట్టమే ఇచ్చింది. నెలలు నిండని కాన్పు వల్ల తల్లి ఆరోగ్యం దెబ్బతింటే, డాక్టరు కాగితంతో ఇంకో నెల వరకు అడగొచ్చు. ఆ తర్వాత మానేసినా నేను తప్పుపట్టను. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న బిడ్డను పదిమంది చేతుల్లో పెట్టలేం, పైగా ఆయా జీతం పోతే 12,000లో మిగిలేదెంత?

బాబు పేరు రేషన్ కార్డులో వెంటనే చేర్చించండి. మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఎన్టీఆర్ వైద్య సేవ కింద చూసే ఆసుపత్రి ఏదో 104కు ఫోన్ చేసి ఇప్పుడే కనుక్కోండి. అర్ధరాత్రి ఆయాసం మొదలయ్యాక వెతకడం అయ్యే పని కాదు. టీకాలు సర్కారు దవాఖానాలో ఉచితమే, పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి.

ఒక్క చోట మాత్రం పొదుపు వద్దు: కంటి పరీక్ష. ఇంత ముందుగా పుట్టిన బిడ్డల్లో రెటీనా దెబ్బతినే ప్రమాదం ఉంది, చికిత్స అవసరమని తేలితే రోజుల్లోనే చేయించాలి. బెంగళూరు వెళ్లాల్సి వచ్చినా తేదీ దాటనీయకండి.

ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు బాబు నెలలు నిండకుండా పుట్టాడని ఫారంలో రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. "చెప్పకపోతేనే మంచిది సార్" అనే ఏజెంటు దొరికితే, మార్చాల్సింది ఏజెంటునే.

స్థలం మాట వచ్చే ఏడాది చూద్దాం. ఈలోగా ఈసీ (స్థలం మీద తాకట్టులు, లావాదేవీలు ఏమున్నాయో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) తీయించి, కాగితాలు సరిచూసి పెట్టుకోండి.