కాశీలో మూడు రోజులు: ఏ పూట ఏం తినాలి

డిసెంబరులో అమ్మానాన్నలతో, పిల్లలతో కాశీలో మూడు రోజులుంటాం, అక్కడి అసలైన తిండి ఏది, పెద్దవాళ్ళకు పడుతుందా అని అడిగారు.

కాశీలో ఏం తినాలన్నదాని కంటే ఎప్పుడు తినాలన్నదే ముఖ్యం. దర్శనం అయ్యాక చూద్దాంలే అని పదకొండింటికి బయటికొస్తే పొద్దుటి సరుకు అయిపోయుంటుంది, చాట్‌కేమో సాయంత్రం కావాలి.

మీరు వెళ్ళేది చలికాలం, అదృష్టం. ముందు మలైయో తినండి. దీపావళి దాటాక మొదలై ఫిబ్రవరి దాకానే దొరుకుతుంది. చిక్కటి పాలు కాచి చల్లార్చి, రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లారగట్ల చిలికితే పైకి తేలే నురగ అది. పంచదార, ఏలకులు, కుంకుమపువ్వు కలిపి మట్టి ముంతలో ఇస్తారు. చెంచాకు బరువే తెలియదు. నురగ అయిపోయాక అదే ముంతలో కాసిని కేసరి పాలు పోయించుకోండి. ఎండ ఎక్కేకొద్దీ నురగ కూలిపోతుంది, కాబట్టి 8 లోపే చౌఖంబా, ఠఠేరీ బజార్ సందులకు చేరాలి. లోపలికి ఆటోలు రావు. పెద్దవాళ్ళను నెమ్మదిగా నడిపించాలి.

తర్వాత కచోడీ, నూనెలో వేయించిన పూరీలాంటిది. రెండు రకాలుంటాయి: పెద్దదాంట్లో మినప్పప్పు ముద్ద, చిన్నదాంట్లో ఆలుగడ్డ కూర ఉంటాయి. నూనె సరుకు కాబట్టి పెద్దవాళ్ళకు ఒక ప్లేటు ఇద్దరికి చాలు.

పితృకార్యం ఉన్న రోజు మాత్రం వీటి జోలికి పోవద్దు. కార్యం అయ్యేదాకా ఉపవాసమే, ఆ తర్వాత ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం కావాలి. తెలుగు ఆశ్రమాల్లో దొరుకుతుంది. ఎంతమందో ముందురోజే చెప్పి ఉంచండి.

సాయంత్రం టమాటర్ చాట్: టమాటా, ఉడికించిన ఆలుగడ్డ పెనం మీద మెదిపి, నెయ్యి, జీలకర్ర వేసిన పంచదార పాకం పోస్తారు. కారం తగ్గించమంటే పిల్లలూ తింటారు. ఠండాయి (మసాలా కలిపిన చల్లటి పాలు) తాగేటప్పుడు గ్లాసు చేతికొచ్చాక కాదు, ముందే 'బినా భాంగ్', అంటే భంగు లేకుండా, అని గట్టిగా చెప్పండి.

బాటీ-చోఖా రాత్రి భోజనంగా పెట్టుకోండి. సత్తుపిండి (వేయించిన శనగల పిండి) కూరి నిప్పుల మీద కాల్చిన గోధుమ ఉండలవి. చోఖా మన కాల్చిన వంకాయ పచ్చడికి దగ్గరే గానీ ఆవనూనె ఘాటు కొత్తవాళ్ళకు పడదు, అందుకని కొద్దిగా వేయమనండి. బాటీని చిదిపి నేతిలో బాగా నాననివ్వాలి, లేకపోతే గొంతు దిగదు.

విశ్వనాథుడి గుడిలోకి ఫోను రానివ్వరు, కాబట్టి బయటికి రాగానే ఫోనుతో డబ్బు కట్టడం కుదరదు. దర్శనం అవగానే తినాలనుకుంటే జేబులో చిల్లర ఉంచుకోండి.