తెర కొనే ముందు దుప్పటి కట్టి చూడండి

(ఈ శీర్షికకు జవాబులు రాస్తున్నవారు ఒకప్పుడు కోనసీమలో టూరింగు టాకీసు ఆపరేటరు. ఇప్పుడు మేనల్లుడితో కలిసి ఇళ్లలో సినిమా గదులు అమర్చుతున్నారు.)

ప్రశ్న: అమలాపురం దగ్గర పల్లెలో ఇల్లు కట్టుకున్నాం. మేడ మీద పన్నెండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు ఉన్న గదిని సినిమాల కోసమే ఉంచాను. పెట్టె మీద 2,000 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని రాసి ఉన్న ప్రొజెక్టర్ కొన్నాను. తెర సంగతే తేలడం లేదు. దుకాణంలో 150 అంగుళాల మోటారు తెర తీసుకోమంటున్నారు. గెయిన్ 2.5 కాబట్టి బొమ్మ ధగధగలాడుతుందట. సంక్రాంతికి కూతుళ్లూ అల్లుళ్లూ వచ్చేలోపు బిగించేయాలి. ఏమంటారు?

జవాబు: ముందు ఆ 150 దగ్గర ఆగుదాం. తెర కొలత మూల నుంచి మూలకు చెబుతారు. గోడకు కావలసింది వెడల్పు, ఎత్తు. ఇప్పుడు ఎక్కువగా దొరికే 16:9 తెరకు మూలకొలతను 0.87తో గుణిస్తే వెడల్పు, 0.49తో గుణిస్తే ఎత్తు వస్తాయి. 150 అంగుళాలంటే దాదాపు పదకొండు అడుగుల వెడల్పు, ఆరడుగుల పైచిలుకు ఎత్తు. మీ గోడ పన్నెండు అడుగులే. తెర పడుతుంది, కానీ స్పీకర్లను బాల్కనీలో పెట్టుకోవాలి.

కూర్చునే దూరం కూడా చూడండి. మూలకొలతకు 1.2 రెట్ల నుంచి 1.6 రెట్ల దూరం వరకు కంటికి హాయిగా ఉంటుంది. సోఫా వెనక మనిషి నడిచే దారి వదిలితే మీరు కూర్చునేది తెరకు పన్నెండు అడుగుల దూరంలో, అంటే 144 అంగుళాలు. ఆ లెక్కన మీకు 90 నుంచి 120 అంగుళాల మధ్య తెర సరిపోతుంది. అంతకు మించితే నేల టిక్కెట్టు కొని ముందు వరసలో మెడ ఎత్తి చూసినట్టే.

వెలుగు లెక్క కూడా ఇదే మాట చెబుతుంది. ల్యూమెన్లను తెర వైశాల్యంతో, అంటే చదరపు అడుగులతో భాగించి, తెర వెలుగును ఎదురుగా ఎంత బలంగా తిప్పి పంపుతుందో చెప్పే గెయిన్‌తో గుణిస్తే వచ్చేది తెర వెలుగు కొలత, ఫుట్‌ల్యాంబర్టులు. డిజిటల్ సినిమా హాళ్లకు ప్రమాణం 14. మీ పెట్టె మీద 2,000 అని ఉన్నా, రంగులు సహజంగా కనిపించే సినిమా మోడ్‌లో పెడితే సగం మిగిలిందనుకోండి. గెయిన్ 1 అనుకుంటే, వెయ్యి ల్యూమెన్లు 150 అంగుళాల తెర మీద పడితే 15 వస్తుంది. కొత్తలో బాగానే ఉంటుంది. దీపం పాతబడి వెలుగు సగానికి పడిపోయిన రోజున ఏడున్నర. అదే 110 అంగుళాల తెర మీద కొత్తలో 28, దీపం సగమైనా 14. మీ గదికి నేను చెప్పేది ఈ 110 అంగుళాలే. ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు.

ఇక గెయిన్. దాన్ని గురించి అడిగినవారిని నేను తిరిగి ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో సినిమా చూసేటప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుంటారు? తెర కొత్తగా వెలుగును పుట్టించదు. ప్రొజెక్టర్ ఇచ్చిన వెలుగునే పంచుతుంది. అన్ని వైపులకూ సమంగా పంచితే గెయిన్ 1. గెయిన్ 2.5 తెర పక్కవాళ్ల వాటా తీసి నడుమ వాళ్లకు పెడుతుంది. బంతిలో వలపక్షం అంటారే, అదే ఇది. మధ్య సోఫాలో పెద్దల్లుడికి ధగధగ, గోడవారగా చాప మీద కూర్చున్న పిల్లలకు మసక. నడుమ కూర్చున్నవాళ్లకూ తెర మధ్యలో ఒక వెలుగు మచ్చ, అంచుల్లో నీడ కనిపిస్తాయి. పండగకు పది మంది చేరే ఇంటికి గెయిన్ 1 నుంచి 1.2 దాకా ఉన్న మ్యాట్ వైట్ (మెరుపు లేని తెల్ల) తెరే తగినది. ధర కూడా తక్కువ.

మోటారు తెర గురించి కొంచెం కోపంగానే రాస్తున్నాను, మన్నించండి. పై నుంచి వేలాడే తెర మన డెల్టాకు పడదు. తెరకు వాడే వినైల్ ఒక రకం ప్లాస్టిక్, ఇక్కడి వేడికి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. నేను బిగించిన వాటిలో చాలా తెరలకు రెండు వానాకాలాలు గడిచేసరికి అంచులు లోపలికి చుట్టుకున్నాయి, మధ్యలో నిలువు మడతలు వచ్చాయి. బొమ్మ కదలకుండా ఉన్నంతసేపు అవి తెలియవు. కెమెరా పక్కకు తిరిగిందా, దృశ్యం మొత్తం కాలవలో కొబ్బరిచెట్టు నీడలా అలలు పోతుంది. పైగా మన ఇళ్లలో ఫ్యాను లేకుండా కూర్చోలేం, ఆ గాలికి తెర ఊగుతుంది. చుట్టే తెరే కావాలంటే రెండు అంచుల్లోనూ తాళ్లతో పక్కలకు లాగి పట్టే టెన్షన్ తెర తీసుకోండి. ఖరీదు ఎక్కువే, కానీ మడతలు రావు.

మీరు గదిని సినిమాలకే వదిలారు కదా, తెర పైకి ఎందుకు పోవాలి? చట్రానికి నాలుగు వైపులా బిగించిన ఫిక్స్‌డ్ తెర పెట్టించండి. చట్రం అల్యూమినియంది అయి ఉండాలి. చెక్క చట్రం చవక అంటారు, వద్దు. వానాకాలంలో వంకర పోతుంది, వానలు వెళ్లాక చెదలు వస్తాయి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. తెరను గోడకు అంటించకుండా రెండు అంగుళాల సందు వదలండి. వాన కొట్టే బయటి గోడ అయితే ఆ సందు తప్పనిసరి, లేకపోతే గోడ చెమ్మంతా తెర వీపుకు ఎక్కుతుంది. సోఫాలో కూర్చున్నవారి కళ్లు తెర ఎత్తులో కింది మూడో వంతుకు ఎదురుగా ఉండేలా బిగించండి. దేవుడి పటంలా పైకెక్కించకండి.

ఇంకొకటి, దీన్ని చాలామంది మర్చిపోతారు. మీ గది గోడలకూ పైకప్పుకూ తెల్లరంగే వేసి ఉంటారు. తెర మీది వెలుగు ఆ తెలుపుకు తగిలి మళ్లీ తెర మీదికే వస్తుంది. దాంతో రాత్రి దృశ్యాలన్నీ బూడిద రంగులోకి దిగిపోతాయి. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు, గదిలోని చీకటే దాని నలుపు. తెర నుంచి నాలుగైదు అడుగుల దాకా పైకప్పుకూ పక్క గోడలకూ మెరుపు లేని ముదురు రంగు వేయించండి. ఇంట్లో నలుపేమిటి, అశుభం అంటారు పెద్దవాళ్లు. ముదురు నీలం వేస్తే చాలు, లేదా మెరూన్ రంగు మందపాటి పరదాలు కట్టండి.

ఈ లెక్కలు మీ గదిని చూడకుండా రాసినవి. కాబట్టి డబ్బు కట్టే ముందు ఒక రాత్రి తెల్లటి దుప్పట్లు రెండు కలిపి కుట్టి ఆ గోడకు బిగించండి. ప్రొజెక్టర్ వేసి 100, 110, 120 కొలతలకు టేపుతో గీతలు పెట్టండి. పండగకు కూర్చునేటట్టే ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టండి. ఫ్యాను రెక్క కిరణానికి అడ్డం వస్తుందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. పోయినేడు ముమ్మిడివరం వైపు ఒక ఇంట్లో తెర, ప్రొజెక్టర్, స్పీకర్లు అన్నీ బిగించాక నటీనటుల ముఖాల మీద ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. తప్పు నాదే. ఫ్యానును మా ఖర్చుతోనే జరిపాం.

ప్రశ్న: మాది భీమవరం. హాల్లో పగటి పూట క్రికెట్ చూడాలని, వెలుగును తట్టుకునే ఏఎల్ఆర్ తెర అని చెబితే కొన్నాను. ప్రొజెక్టర్ పైకప్పుకు వేలాడదీశాం. బొమ్మ మా పాత గోడ మీద కన్నా చీకటిగా ఉంది. తెర చెడిపోయిందా?

జవాబు: తెర బాగానే ఉండి ఉంటుంది. జోడీ కుదరలేదు. మీ తెర మీద అరచేయి పెట్టి పై నుంచి కిందికి మెల్లగా జరపండి. సన్నటి అడ్డగీతలు వేలికి తగులుతున్నాయా? అయితే అది గోడ పక్కనే బల్ల మీద పెట్టి కింది నుంచి పైకి వేసే ప్రొజెక్టర్ల కోసం చేసిన తెర. రంపం పళ్లలాంటి ఆ గీతల్లో కింది వైపుకు తిరిగిన ముఖం వెలుగును మీవైపు పంపుతుంది. పై వైపుకు తిరిగిన ముఖం నల్లగా ఉండి, పైకప్పు నుంచి వచ్చే ట్యూబులైటు వెలుగును మింగేస్తుంది. మీ ప్రొజెక్టర్ ఉన్నది పైకప్పుకే. పాపం తెర దాన్ని ట్యూబులైటు అనుకుంటోంది.

నేను నవ్వడానికి లేదు. అలాంటి తెరను మొదటిసారి బిగించినప్పుడు తలకిందులుగా బిగించి, సాయంత్రమంతా ప్రొజెక్టర్‌ను తిట్టాను. మేనల్లుడు వచ్చి వెనక ఉన్న బాణం గుర్తు చూపించాడు.

దూరం నుంచి వేసే ప్రొజెక్టర్లకు వేరే ఏఎల్ఆర్ తెరలు ఉన్నాయి, వీలైతే మార్పించుకోండి. అయితే ఏ తెరైనా ప్రొజెక్టర్ లేని వైపుల నుంచి వచ్చే వెలుగునే తగ్గించగలదు. కిటికీ తెరకు ఎదురుగా, ప్రొజెక్టర్ ఉన్న వైపే ఉంటే ఏ ఏఎల్ఆర్ తెరా ఆదుకోదు. బూడిద రంగు తెరలూ ఉన్నాయి. నలుపు కొంత నిలుస్తుంది కానీ వెలుగు కూడా తగ్గుతుంది, ప్రొజెక్టర్ బలంగా ఉండాలి. పగటి క్రికెట్టే ముఖ్యమైతే మాత్రం పెద్ద టీవీ కొనుక్కోండి. తెరలు బిగించి బతికేవాడు చెప్పే మాట కాదు, అయినా చెబుతున్నాను.

ప్రశ్న: వెండితెరలో నిజంగా వెండి ఉంటుందా? (పాలకొల్లు నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: పాత రోజుల్లో ప్రొజెక్టర్ దీపాలకు బలం చాలేది కాదు. ఉన్న వెలుగును ఎక్కువగా వెనక్కి పంపడానికి తెరకు లోహపు పొడి కలిపిన రంగు పూసేవారు. ఆ మెరుపుకే ఆ పేరు వచ్చింది. దీపాలు బలపడ్డాక తెల్లతెరలు వచ్చేశాయి, పేరు మాత్రం మిగిలింది. మళ్లీ త్రీడీ పుణ్యమా అని కొన్ని హాళ్లకు లోహపు పూత తెర తిరిగి వచ్చింది. పోలరైజ్డ్ కళ్లద్దాల పద్ధతిలో రెండు కళ్ల బొమ్మలూ కలిసిపోకుండా ఉండాలంటే ఆ పూత కావాలి. ఇంటి ప్రొజెక్టర్లలో త్రీడీకి ఎక్కువగా వాడేది బ్యాటరీతో పనిచేసే కళ్లద్దాలు కాబట్టి మీ నాన్నగారిని వెండితెర అడగనవసరం లేదు.

ప్రశ్న: తెరకు పెట్టే డబ్బు లేదు. గోడ మీదే వేసుకుంటే తప్పా? (రావులపాలెం)

జవాబు: తప్పేమీ లేదు. మా టూరింగు టాకీసు తెర గుడ్డదే. నాలుగు పన్నాలు అడ్డంగా కలిపి కుట్టి, కుట్టు కనిపించకుండా తెల్లరంగు పూసేవాళ్లం. గాలివాన వస్తే ముందు తెర దింపేవాళ్లం, తర్వాతే డేరా సంగతి.

గోడకు పుట్టీ పెట్టించి, ఉప్పుకాగితంతో బాగా రుద్దించండి. రాత్రి దీపాలన్నీ ఆర్పి టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా వేస్తే గుంటలు, గడ్డలు నీడలుగా లేస్తాయి. అవి పోయేదాకా మళ్లీ రుద్దించండి. తర్వాత మెరుపు లేని తెల్లరంగు రెండు పూతలు వేయించండి. సున్నం వద్దు, చెమ్మకు పెచ్చులూడుతుంది. చివరగా చుట్టూ మూడు అంగుళాల వెడల్పున నల్ల వెల్వెట్ పట్టీ అంటించండి. అంచు దాటిన వెలుగును అది తాగేస్తుంది, బొమ్మకు కాటుక దిద్దినట్టు ఉంటుంది. గుడ్డే కట్టుకునేటట్టయితే వెనక నల్లగుడ్డ ఒకటి వేయండి, లేకపోతే వెలుగులో కొంత అవతలికి పోతుంది.

ప్రశ్న: సినిమాలన్నీ పైనా కిందా నల్లపట్టీలతో వస్తున్నాయి. స్కోప్ తెర కొనమంటారా? (తణుకు)

జవాబు: 1974లో తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం వచ్చినప్పుడు నాకు పదిహేనేళ్లు. తెర రెండు పక్కలకూ విచ్చుకుంటే జనం కేకలు వేశారు. అందుకని స్కోప్ అంటే నాకు పక్షపాతం ఉంది, అది పక్కన పెట్టి చెబుతాను. ఇంట్లో సీరియళ్లు, వార్తలు, క్రికెట్ కూడా చూస్తారు, అవన్నీ 16:9లోనే వస్తాయి. స్కోప్ తెర వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు, దాని మీద అవి మధ్యలో చిన్నగా కూర్చుంటాయి. ప్రొజెక్టర్ జూమును ప్రతిసారీ మార్చుకోవాలి. 120 అంగుళాల 16:9 తెర మీద స్కోప్ సినిమా వేస్తే పైనా కిందా ఏడేసి అంగుళాలు మాత్రమే ఖాళీగా ఉంటాయి. ఆ కొలతకు నల్ల వెల్వెట్ అతికించిన రెండు తేలికపాటి పలకలు చేయించి, సినిమా వేసినప్పుడు తగిలించుకోండి.

ప్రశ్న: హాల్లో లాగా స్పీకర్లు తెర వెనక పెట్టవచ్చా? (రాజోలు)

జవాబు: హాలు తెరకు శబ్దం బయటికి రావడానికి సన్నటి చిల్లులు ఉంటాయి. ఇంట్లో తెరకు దగ్గరగా కూర్చుంటారు కాబట్టి చిల్లులు కనిపించవచ్చు, బొమ్మలోని చుక్కలతో కలిసి గీతలూ పడవచ్చు. శబ్దం దారాల సందుల్లోంచి వచ్చే నేత తెర మేలు. వెనక గోడకు నల్లగుడ్డ తప్పనిసరి. కొంత వెలుగూ పోతుంది. తెర కింద సరిపడా జాగా ఉంటే ఈ శ్రమంతా ఎందుకు?

ప్రశ్న: నర్సాపురంలో ఉంటాం. వానాకాలమంతా చుట్టి ఉంచిన తెరను దసరాకు దింపితే నల్లచుక్కలు కనిపించాయి. స్పిరిట్‌తో తుడవనా?

జవాబు: వద్దమ్మా, స్పిరిట్ పూతను తినేస్తుంది. బ్లీచింగూ వద్దు. అది బూజు. ముందు తెరను పూర్తిగా దింపి రెండు రోజులు గాలికి ఆరనివ్వండి, ఎండలో పెట్టకండి. తర్వాత మెత్తటి గుడ్డను గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఒక మూల తుడిచి చూడండి. పూత చెదరకపోతే మిగతాది తుడవండి. గుండ్రంగా రుద్దకండి, ఒకే వాటున తుడవండి. బూజు లోపలికి దిగి ఉంటే ఆ మచ్చ పోదు. రాత్రి దృశ్యాల్లో కనిపించదు, ఆకాశం వచ్చినప్పుడల్లా కనిపిస్తుంది. వచ్చే వానాకాలం నుంచి వారానికి ఒక పూట తెరను దింపి, కింద ఫ్యాను పెట్టండి.